రోజుకో పోస్టు

"వారానికి ఎన్ని పోస్టులు పెట్టాలండీ?" కోల్‌కతాలో నేను పనిచేసిన ప్రకటనల ఆఫీసుకు వచ్చిన ప్రతి వ్యాపారీ మొట్టమొదట అడిగేది ఇదే. బిస్కెట్లవాళ్లయినా, పరుపులవాళ్లయినా, పళ్ల డాక్టరైనా సరే. నేను క్షణం ఆలోచించకుండా చెప్పేవాణ్ణి: రోజుకొకటి, పండగొస్తే రెండు. సోషల్ మీడియాలో పేజీ చల్లబడకూడదు, నాలుగు రోజులు నోరు మూసుకుంటే జనం మర్చిపోతారు అని భయపెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్లు ఇదే మాట చెప్పి జీతం తీసుకున్నాను. నాకీ మాట చెప్పింది నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు. వాడికెవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఆఫీసు మూతబడ్డాక ఖరగ్‌పూర్ వచ్చేశాను, మా పిన్ని ఇంటికి. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. అప్పటి నుంచీ పిన్నే పెంచింది. పిన్నికీ బాబాయికీ పిల్లల్లేరు. బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసేవాడు. ఆయన పోయి పాతికేళ్లు. ఆయన ఫ్యామిలీ పెన్షన్ పిన్నికి వస్తుంది కాబట్టి కూటికి లోటు లేదు. రైల్వే క్వార్టర్ల గోడకు అవతల, సందులో రెండు గదుల సొంత ఇల్లు ఉంది. ఆ సందును మేమంతా "లైను" అంటాం. సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైలు పనికి వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్లు, మిగతా సగం బెంగాలీలు, ఒడియావాళ్లు.

పిన్ని రొయ్యల పచ్చడి పెడుతుంది. పెడుతుంది అని తేలిగ్గా అనేశాను గానీ, ఆమెను తలుచుకోగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ పచ్చడే. పొద్దున్నే టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి గోల్‌బజార్ వెళ్తుంది. అక్కడ రొయ్యను రెండు వేళ్ల మధ్య నొక్కి చూస్తుంది. నచ్చకపోతే ఖాళీ సంచితో ఇంటికి వచ్చేస్తుంది. బెంగాలీవాళ్లు ఆవనూనెతో చెయ్యమని ఎంత బతిమాలినా నువ్వుల నూనె తప్ప ముట్టదు. నెలకు రెండుసార్లు చేస్తే గొప్ప. ఒక్కో నెల అసలు చెయ్యదు. చేసిన రోజున మాత్రం ఎదురింటి రైలు గార్డుగారి భార్యకు చిన్న స్టీలు గిన్నెలో కొంచెం రుచికి పంపుతుంది. అంతే, సాయంత్రానికి లైను మొత్తానికి తెలిసిపోతుంది, సీసాలు పట్టుకుని వచ్చేస్తారు. రిటైరైన గార్డుగారు ఈ మధ్యే పోయారు గానీ, ఆవిణ్ణి ఇప్పటికీ అందరూ గార్డుగారి భార్య అనే అంటారు. నేను పెద్దమ్మా అంటాను.

నేను వచ్చేనాటికి లైను పలచబడింది. రిటైరైనవాళ్లు పిల్లల దగ్గరికో, ఊరి అవతలి కొత్త ఫ్లాట్లకో వెళ్లిపోయారు. పచ్చడి మీద ఇష్టం ఉన్నా కబురు అందదు. ఒకరోజు పిన్నే అడిగింది.

"ఒరే, ఊళ్లో ఆళ్లకీ ఈళ్లకీ సేసినావు కదా ఫోనులో, అదేదో మనకీ సెయ్యొచ్చు కదేటి?"

నా ప్రాణం లేచి వచ్చింది. పనీపాటా లేకుండా పిన్ని వండింది తింటూ కూర్చున్న నాకు, నాకొచ్చిన పనే ఆమె అడగడం! ఆ పూటే పేజీ తెరిచాను. పేజీకి పిన్ని పేరే పెట్టాను. పిన్ని చీర మార్చుకుని, తల దువ్వుకుని, సీసా పట్టుకుని నిలబడింది. "నవ్వు పిన్నీ" అంటే, "పచ్చడి నవ్వుతాదేటి, నేను నవ్వడానికి" అని విసుక్కుంది. ఆ విసుగులో పడిన ఫొటోయే అన్నిటికంటే బాగుంది. అదే పెట్టాను.

మొదటి నెల బాగా నడిచింది. గోల్‌బజార్లో రొయ్యలు ఏరడం, వంటింట్లో ఒలవడం, మూకుట్లో వేగడం, ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. ఫ్లాట్లకు వెళ్లిపోయిన పాత తెలుగువాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. కాలేజీ హాస్టలు కుర్రాళ్లు వచ్చారు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ చూసే ఆయన స్కూటరు మీద వచ్చి ఆరు సీసాలు పట్టుకెళ్లాడు. గోల్‌బజార్లో రొయ్యలమ్మే దాదా కూడా "మాసీ, ఫోనులో మిమ్మల్నే చూశాను" అన్నాడట. ఆ మాట పిన్ని ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పింది. ఒకసారి నాకు, ఒకసారి నేను వింటుండగా పెద్దమ్మకు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! రోజుకొకటి పడాలి కదా. పిన్ని చేసేది నెలకు రెండుసార్లు, నాకు కావాల్సింది ముప్పై పోస్టులు. ఒకే సీసాను ముందు నుంచి, వెనక నుంచి, నిమ్మకాయ పక్కన, గోడ మీద, ఎండలో పెట్టి ఫొటోలు తీశాను. అవీ అయిపోయాక నెట్‌లోంచి ఎవరివో లావుపాటి రొయ్యల బొమ్మలు దించుకున్నాను. ఇక రాతలు. మనిషి స్వయంగా మాట్లాడుతున్నట్టు రాస్తే జనానికి దగ్గరవుతుందని మా ఆఫీసులో నేర్పారు. అందుకని పిన్ని గొంతుతో రాయడం మొదలుపెట్టాను. "ఈ రోజే దించాను, ఇంకా వేడిగా ఉంది, మీ పిన్ని." "వాన పడుతోంది, మీ కోసం రొయ్యలు వేయిస్తున్నాను, మీ పిన్ని." ఇలాంటివి నిమిషానికి రెండు రాయగలను. నెలకో ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూర్చుని నెలకు సరిపడా ఒకేసారి రాసి, తేదీలు వేసి పెట్టేసేవాణ్ణి. రోజూ పదకొండింటికి వాటంతటవే వెళ్లిపోతుంటాయి. నేను నిద్రపోతున్నా పేజీ పనిచేస్తుందని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పిన్ని దగ్గరున్నది నొక్కుడు ఫోను. పేజీ ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. "ఏటి రాస్తన్నావురా?" అని ఒకసారి అడిగింది.

"నీ గురించే పిన్నీ. మంచిగానే రాస్తున్నాలే."

"మంచిగా అక్కర్లేదు. ఉన్నది రాయి."

సరే అన్నాను. అనడానికి ఏముంది?

బాబాయి పోయిన రోజు వచ్చింది. ఆ రోజు గురించి చెప్పాలి. పాతికేళ్ల కిందట పిన్ని పొయ్యి మీద పచ్చడి వేయిస్తుండగా వర్క్‌షాపు నుంచి నలుగురు మనుషులు వచ్చారు. పని చేస్తూ చేస్తూ గుండె ఆగి పడిపోయాడని చెప్పారు. పిన్ని ఆ పళంగా ఆస్పత్రికి పరిగెత్తింది. పొయ్యి ఆర్పాలని ఎవరికీ తోచలేదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. మూకుడు అడుగంటి బొగ్గయింది. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ ఏడాది నుంచి ఆ రోజున పిన్ని పొయ్యి వెలిగించదు. టీ కూడా పెట్టదు. ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఆమెను అడగలేదు. పొద్దున్న పెద్దమ్మ టీ తెస్తుంది. మధ్యాహ్నం పక్కింటి బెంగాలీ దీదీ కిచిడీ, వంకాయ వేపుడు తెస్తుంది. సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు, లైనంతా వస్తుంది. పాతికేళ్లుగా ఒక్కసారీ తప్పలేదు.

ఈసారీ అలాగే జరిగింది. దీదీ ఈసారి కాస్త పెందరాళే తెచ్చింది. పదకొండు గంటలకు నేనూ పిన్నీ చాప మీద కూర్చుని ఆ కిచిడీయే తింటున్నాం. జేబులో ఫోను మోగింది. బాబాయి రోజు కదా అని, చూడకుండానే సౌండు తీసేశాను. అంత మర్యాదస్తుణ్ణి.

ఆ తర్వాత రెండు వారాల్లో ఆర్డర్లు పడిపోయాయి. హాస్టలు కుర్రాళ్లు మానలేదు. మానింది పాతవాళ్లు, తెలుగువాళ్లు, లైనువాళ్లు. క్యాంటీన్ చూసే ఆయన మా తెలుగాయనే, ఒకప్పటి లైనువాడే, ఆయనా ఫోనెత్తలేదు. నేనేం చేశాను? కంగారుపడి పోస్టులు రోజుకు రెండు చేశాను! పొద్దున పదకొండుకి ఒకటి, సాయంత్రం ఆరుకి ఇంకొకటి. మా ఆఫీసులో అమ్మకం పడిపోతే ఇచ్చే మందు అదే.

పిన్ని కొత్త వాయి దించి ఎప్పటిలాగే గిన్నె పంపింది. పెద్దమ్మ గిన్నె కడిగి పంపించేసింది. బాగుందనీ లేదు, ఉప్పెక్కువనీ లేదు. లైనులో ఒక్క సీసా కదల్లేదు. ఆ రాత్రి అన్నంలో పిన్ని తన పచ్చడి తనే కలుపుకుంది. నమిలింది, ఆగింది, మళ్లీ కొంచెం నాలిక మీద వేసుకుంది. మర్నాడు పొద్దున్న కూడా అదే పని.

"నా సెయ్యి పోయిందేట్రా?" అంది.

"ఛఛ, ఏం మాటలవి? బ్రహ్మాండంగా ఉంది."

"నువ్వెప్పుడూ అదే అంతావు. వొయిసు మీద పడితే నాలిక్కి ఉప్పు తెల్దంట. మా అమ్మకీ అలగే అయింది. నాకూ అయిపోనాదేమో."

నేను రీచ్ తగ్గిందనీ, అంటే పోస్టులు జనానికి చేరట్లేదనీ, పేజీలన్నిటికీ ఇలాగే ఉందనీ ఏదో వాగాను. ఆమె వినలేదు. మర్నాడు ఆరు సీసాల పచ్చడి పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేసింది. నేను బజారు నుంచి వచ్చేసరికి ఖాళీ సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. "ఇంక సెయ్యను. పాడు పచ్చడి పెట్టి పేరు సెడగొట్టుకోలేను" అంది. పచ్చడి మానేస్తే ఆమె పస్తుండదు. కానీ బాబాయి పోయాక ఈ లైనులో ఆమె తలెత్తుకుని తిరిగింది ఆ చేతి మీదే. ఆ చేయి పోయిందని ఆమె నమ్మేసింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది, కారణం మాత్రం తట్టలేదు. ఇంత చదువూ చదివి, ఎనిమిదేళ్లు అదే పని చేసి!

రెండు రోజులాగి పిన్ని ఉండబట్టలేక ఎదురింటికి వెళ్లింది. నేను మా గుమ్మంలోనే ఉన్నాను, సందు ఎంతోలేదు, అన్నీ వినబడతాయి.

"నువ్వూ నేనూ నిన్నటోళ్లం కాదు. రుచి సెడిపోనాదా, సెప్పు. నేను ఏటీ అనుకోను" అంది పిన్ని.

పెద్దమ్మ ఒక్కసారిగా అనేసింది. "రుచికేటి, బంగారంలాగుంది. రుచి కాదమ్మా. నేను టీ అట్టుకుని వొచ్చినాను. దీదీ పాపం కిచిడీ అట్టుకుని వొచ్చింది. పాతికేళ్లై తెస్తన్నాం. నువ్వు మాకాడ తినేసి, లోపల పొయ్యి ఎలిగించి అమ్మకానికి వొండుకున్నావా? ఆయన రోజున? అంత లోటేటొచ్చిందే నీకు?"

"నేనా?" అంది పిన్ని.

"నువ్వే రాసినావు కదే ఫోనులో! మా కోడలు సదివి సూపించింది. లైనంతా సూసినారు."

పిన్ని సందు దాటి వచ్చి, చాప పరిచి కూర్చుంది.

"ఫోను తియ్యి. మొదటికాణ్ణించి సదువు" అంది.

చదివాను. చచ్చినట్టు చదివాను. అన్నీ కలిపి తొంభై పైనే ఉన్నాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, పాస్టరుగారి ప్రసంగం విన్నట్టు తల కొంచెం వంచి విన్నది. మొదటి నెలవి విని ఊరుకుంది. తర్వాత నుంచి ఒక్కొక్కదానికీ నెమ్మదిగా జవాబు చెబుతూ వచ్చింది.

"ఈ రోజే దించాను, ఇంకా వేడిగా ఉంది."

"ఆ రోజు నాకు జొరం. నువ్వే మాత్ర తెచ్చినావు."

"వాన పడుతోంది, మీ కోసం రొయ్యలు వేయిస్తున్నాను."

"ఆ వారమంతా మనం టాటానగర్‌లో ఉన్నాం, పెళ్లికి."

ఫొటో చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఇయ్యి నా రొయ్యలు కావు. ఇంత లావు రొయ్యలు నేనెప్పుడూ కొన్లేదు." ఒక్కసారైనా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పి గట్టెక్కేవాణ్ణి.

ఆ తేదీ వచ్చింది. నేను ఆగిపోయాను. దాటేద్దామా అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. ఆమె కనిపెట్టేసింది. "సదువు" అంది.

"ఈ రోజు పొద్దున్నే లేచి మీ కోసం పొయ్యి వెలిగించాను. మూకుట్లో నూనె కాగుతుంటే మీరంతా గుర్తొచ్చారు. మీ పిన్ని."

పిన్ని కళ్లజోడు తీసి చాప మీద పెట్టింది. "ఇది నువ్వెప్పుడు రాసినావు?" అంది.

"ఆ రోజు రాయలేదు పిన్నీ. నెల ముందే అన్నీ కలిపి రాసి పెట్టేశాను. ఆ రోజుకి దానంతట అదే వెళ్లింది. నేను తేదీ చూసుకోలేదు."

"అదే ఎల్లిందా? నా పేరుతోటి, నా మాటలాగ, నాకు తెలకండా అదే ఎల్లిందా?"

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. తల కొట్టేసినట్టయింది. అంతటితో ఆగకుండా, "అన్నీ తీసేస్తాను పిన్నీ, ఒక్క నిమిషం, అసలు పేజీయే లేకుండా చేసేస్తాను" అన్నాను.

"తీసేస్తే, సేసి దాసుకున్నట్టుంటాది. సూసినోళ్ల బుర్రలోంచి తీసెయ్యగలవా? వొగ్గేయ్. నేను సెప్తాను, రాయి. నీ ముక్క ఒక్కటీ కలపకు."

ఆమె చెప్పింది, నేను రాశాను. ఆమె యాసలోనే రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు:

"ఈ పేజీలో నా పేరుతో ఉన్నయ్యి శానా అబద్ధాలు. ఆయన పోయిన రోజున నేను పొయ్యి ఎలిగించలేదు. ఎప్పుడూ ఎలిగించను. ఇక మీదట పచ్చడి సేసిన రోజునే సెప్తాను, సెయ్యని రోజున ఏటీ సెప్పను. తప్పు నాది."

చివరి ముక్క దగ్గర నేను మొరాయించాను. "తప్పు నాది కదా పిన్నీ. నా పేరు పెట్టి రాస్తాను."

"పేజీ మీద బొమ్మ ఎవలిది?"

"నీదే."

"మరింకేటి? పంపు."

పంపాను. పెద్దమ్మ మర్నాడు పొద్దున వచ్చి, గడప మీద కూర్చుని, పిన్ని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అందరూ అలా రాలేదు. క్యాంటీన్ ఆయన ఇప్పటికీ రాలేదు. లైనులో ఒకరిద్దరు "ఇది కూడా వ్యాపారం కిటుకేలే" అన్నారని నా చెవినపడింది. నేను గొడవకు లేస్తే పిన్ని ఆపింది. ఆమె నెల రోజుల తర్వాత గానీ మళ్లీ మూకుడు ముట్టుకోలేదు. మొదటి వాయి దించాక నాలిక మీద వేసుకుని, మొహం చిట్లించి, "ఉప్పు సరిపోయింది" అంది. ఆ రోజు నేను ఒక్క పోస్టు పెట్టాను: "ఈ రోజు పచ్చడి సేసినాను." కింద ఫొటో. అంతే. సీసాలు సాయంత్రానికి చాల్లేదు.

ఆ లెక్కన ఏడాదిలో పెట్టినవి ఇరవైలోపే. వానాకాలంలో ఒకసారి ఏడు వారాలు ఏమీ లేదు. పేజీ చల్లబడలేదు. ఇప్పుడు గోల్‌బజార్లో రెండు బట్టల కొట్లకూ, ఒక మిఠాయి కొట్టుకూ పేజీలు చూస్తున్నాను. వాళ్లూ మొదట అదే అడిగారు, వారానికి ఎన్ని అని. "ఈ వారం మీ కొట్టులో ఏం జరిగింది, చెప్పండి" అంటున్నాను. ఏమీ జరగలేదంటే ఏమీ వద్దంటున్నాను. మిఠాయి దాదాకు నేను బద్ధకస్తుణ్ణని గట్టి నమ్మకం.

పిన్ని చెప్పి రాయించిన ఆ పోస్టు పేజీలో అన్నిటికంటే పైన అలాగే ఉంది. తెరిచినవాళ్లకు ముందు అదే కనిపిస్తుంది. అందులో ప్రతి మాటా నిజం, చివరి రెండు మాటలు తప్ప. మొన్న పిన్ని పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే దగ్గర కూర్చుని మళ్లీ అడిగాను. "ఏడాదిన్నర అయింది పిన్నీ. అందరికీ తెలుసు రాసింది నేనేనని. ఇప్పుడైనా అక్కడ నా పేరు పెట్టనీ. నువ్వు చెయ్యని తప్పు నీ మీద ఎందుకు?"

ఆమె చేతిలో రొయ్య ఒలవడం ఆపలేదు, తలెత్తి చూడలేదు.

"నిన్ను పెంచినదెవర్రా?" అంది.